పాపాయి గది గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బాబుకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఖాళీగా పడి ఉన్న గదిని పుట్టబోయే బిడ్డ కోసం సిద్ధం చేస్తున్నారని, గోడల రంగు దగ్గరే మీ ఇద్దరికీ మాట కుదరడం లేదని నువ్వు రాసింది చదివి నవ్వుకున్నాను. రంగు ఏదైనా ఫరవాలేదు కానీ, ఎప్పుడు వేస్తారన్నది మాత్రం ముఖ్యం. మా రెండోవాడు పుట్టడానికి పది రోజుల ముందు మేము రంగులు వేయించాం. కిటికీలు బార్లా తీసి ఉంచినా, తలుపు తెరిస్తే చాలు ఘాటు వాసన గుప్పుమనేది. నెల దాటినా బిడ్డను ఆ గదిలోకి తీసుకువెళ్లడానికి నాకు మనసొప్పలేదు. అందుకే దుమ్ము లేచే పనులు, రంగుల పని కనీసం రెండు నెలల ముందే ముగించి, గదికి గాలి బాగా ఆడనివ్వు. డబ్బా మీద ‘లో వీఓసీ’ అని, అంటే ఘాటు ఆవిర్లు తక్కువ వదిలేదని, రాసి ఉన్న రంగే కొను. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు కొత్త సామాను నుంచి కూడా ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన ఆవిరి వస్తుంది కాబట్టి దాన్నీ ముందుగానే తెచ్చి ఆరబెట్టు. ఇల్లు పాతదైతే గోడల మీది పాత పూతలో సీసం ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా దాన్ని గీకించవద్దు, ఆ పని జరిగేటప్పుడు కోడలిని ఆ దరిదాపులకు రానివ్వవద్దు. ఆ దుమ్ము కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది.

మా అటక మీద ఉన్న ఊచల మంచం నీకు పంపుదామని ముచ్చటపడి దించాను. టేపు పెట్టి కొలిస్తే ఊచల మధ్య ఏడున్నర సెంటీమీటర్ల సందు ఉంది. ఆరు సెంటీమీటర్లకు మించితే బిడ్డ ఒళ్లు అందులోంచి జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. పైగా దాని ఒక పక్క కిందికి జారే రకం, అటువంటి మంచాల తయారీని, అమ్మకాన్ని అమెరికాలో 2011లోనే నిషేధించారు. ఆ మంచం మళ్లీ అటకెక్కింది. మీరు కొత్తదే కొనండి. పరుపు గట్టిగా, సమతలంగా ఉండాలి, పరుపుకూ మంచం అంచుకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు కూడా ఉండకూడదు. దిండ్లు, బొమ్మలు, మెత్తని దుప్పట్లు ఎంత ప్రేమగా ఎవరిచ్చినా వాటిని బీరువాలో దాచండి. బిడ్డ పడుకునే చోట పరుపుకు బిగువుగా తొడిగిన దుప్పటి తప్ప మరేమీ ఉండకూడదు, బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి.

ఇంకొక మాట. మొదటి ఆరు నెలలైనా బిడ్డ మీ గదిలోనే, మీ మంచం పక్కన, తన మంచం మీద పడుకోవడం మేలని పిల్లల వైద్యులు చెబుతారు. ఆ మంచాన్ని మీ గదిలోకి తేవలసి వస్తుంది కాబట్టి, కొత్త గదిలో దాన్ని బిగించే ముందు తలుపు వెడల్పు కొలుచుకో. లోపల బిగించాక ద్వారం పట్టక, అర్ధరాత్రి స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చునే తండ్రులు ఉంటారు.

సొరుగుల బీరువాను గోడకు బిగించడం మరిచిపోకు. మా పెద్దవాడు రెండేళ్లప్పుడు కింది సొరుగులు లాగి మెట్లలా ఎక్కబోతే, బీరువా మొత్తం ముందుకు ఒరిగి మంచం అంచుకు ఆనుకుని ఆగింది. ఆ మంచమే అక్కడ లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడం కూడా నాకిష్టం లేదు. మంచాన్ని కిటికీ పక్కన వేయవద్దు, తెర తాళ్లు వేలాడుతూ ఉంటే మెడకు చుట్టుకుంటాయి.

చివరగా, నేలమీద దుప్పటి పరిచి ఒక రాత్రి మీరిద్దరూ ఆ గదిలో పడుకుని చూడండి. ఏ దీపం కళ్లలో పడుతుందో, బట్టలు మార్చే బల్ల దగ్గర నిలబడితే డైపర్లు చేతికందుతాయో లేదో అప్పుడే తెలుస్తుంది. బల్ల మీద బిడ్డ ఉన్నంతసేపూ ఒక చెయ్యి బిడ్డ మీదే ఉండాలి కదా. తలుపు బందులకు మాత్రం ఇవాళే నూనె వేయి. ఎంతో కష్టపడి నిద్రపుచ్చిన బిడ్డను ఆ కిర్రుమనే శబ్దమే లేపేస్తుంది.

మీ పెద్దమ్మ