హంతకుణ్ణి దాచకు బుజ్జీ

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

నీ కథ అందింది. పట్టుకున్నాక దింపలేదు. వాక్యం బాగా నడిచింది, మాటతీరు అచ్చం మన తెనాలి వాళ్లదే. కానీ హంతకుడి దగ్గరికొచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. ఆఖర్న దుబాయ్ నుంచి దిగిన తమ్ముడు చంపాడంటే చదివేవాడు ఏమైపోవాలి? అసలలాంటి తమ్ముడొకడు ఉన్నాడని మాట మాత్రంగానైనా చెప్పలేదే! 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాసిపెట్టాడు. ఆయన చర్చిలో ఫాదర్ కూడా. అందులో మొట్టమొదటిదే నేరస్థుడు కథ తొలి భాగంలోనే కనిపించాలన్నది. మిగతా తొమ్మిదీ నువ్వు పాటించకపోయినా నేను పట్టించుకోను. ఇదొక్కటి మాత్రం తప్పకు.

నీకు మిస్టరీ సినిమాల పిచ్చి ఉంది కదా, దాన్నే పనిలో పెట్టు. బాగా నచ్చిన సినిమాను రెండోసారి చూడు. హంతకుడెవరో తెలుసు కాబట్టి ఈసారి టెన్షన్ ఉండదు. ఆధారం ఎక్కడ చూపించారు, సరిగ్గా ఆ క్షణంలో మన చూపు ఎటు మళ్లించారు, ఆ రెండూ కాగితం మీద రాసుకో.

‘దృశ్యం’ తీసుకో. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీశాడు, మరుసటి ఏడాది వెంకటేశ్ తెలుగులో చేశాడు. కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు పెళ్లాం పిల్లలతో పక్క ఊరికెళ్లొస్తాడు. బస్సు కండక్టరు, హోటల్ వాళ్లు, సినిమా హాలు ఆపరేటరు, అందరూ వాళ్లను సరిగ్గా హత్య జరిగిన రోజునే చూశామని చెబుతారు. ఒక్కరూ అబద్ధం ఆడటం లేదు. చూసింది నిజం, తారీఖే తేడా. అతను మళ్లీ వెళ్లి మాటల్లో మాటగా ఆ తారీఖు వాళ్ల బుర్రలోకి ఎక్కించి వస్తాడు. మీ అమ్మను అడిగి చూడు, గ్యాస్ బండ ఏ తారీఖున వచ్చిందని. ‘పక్కింటి వాళ్ల గృహప్రవేశం రోజు’ అంటుంది గానీ తారీఖు చెప్పలేదు. అందరికీ ఉండే ఈ చిన్న బలహీనత మీద అంత పెద్ద కథ నిలబెట్టారు. పైగా శవం దాచిన ఆ చోటును, కట్టుబడి సాగుతున్న ఆ కొత్త పోలీస్ స్టేషన్‌ను మన కళ్లముందే పెట్టి, మనం పట్టించుకోకుండా చేశారు చూశావా, దానికి దండం పెట్టాలి.

హిచ్‌కాక్ ‘రియర్ విండో’ (1954) కూడా మళ్లీ చూడు. కాలు విరిగి చక్రాల కుర్చీలో పడి ఉన్న ఫొటోగ్రాఫర్ ఎదురు ఫ్లాట్ల కిటికీల్లోకి చూస్తూ కాలక్షేపం చేస్తుంటాడు. ఎదురింటి సేల్స్‌మన్ భార్యను చంపేశాడని అతని అనుమానం. సినిమాలో ఎక్కువ భాగం అతనికి తెలిసిందే మనకూ తెలుస్తుంది. ఒక్కచోట మాత్రం అతను కునుకు తీస్తుంటే, ఆ సేల్స్‌మన్ నల్ల దుస్తుల్లో ఉన్న ఒక ఆడమనిషితో బయటికెళ్లడం మనకు చూపిస్తారు. ఇంకేముంది, ఆవిడే భార్యేమో, మనవాడికి పనీపాటా లేక చాదస్తం పట్టిందేమో అని మనమే డోలాయమానంలో పడతాం. ఆ దర్శకుడు దాచిందేమీ లేదు. ఉన్నదే చూపించి దారి మళ్లించాడు. నువ్వు తమ్ముణ్ణి దుబాయ్‌లో దాచేబదులు, మొదటి రోజునే పరామర్శకు వచ్చిన వాళ్లలో కూర్చోబెట్టి, కాఫీలు అందించమను.

ఇంకో సంగతి. నీ కథలో హంతకుడొక్కడే అబద్ధాలాడతాడు, మిగతా అందరూ సత్యహరిశ్చంద్రులే. అలాంటి ఊరు ఎక్కడుందమ్మా? ‘ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నా’నన్న పక్కింటాయన పేకాటకు వెళ్లి ఉండొచ్చు. బీరువా తాళం మాటెత్తగానే కోడలు తడబడిందంటే, గొలుసు తాకట్టులో ఉందని అత్తగారికి తెలియకూడదు కాబట్టి. చిట్టీకి జామీను సంతకం పెట్టి భార్యకు చెప్పని మగవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు, పేర్లెందుకులే. నేను చూసినంతలో మనుషులు పరువు కోసం దాచేదే ఎక్కువ. ఆ దాపరికాలు ఒక్కొక్కటీ విప్పుతూ పోతే సగం నవల అదే నిండుతుంది, అసలు ఆధారం వాటి మధ్య ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది.

నీ డిటెక్టివ్ పిల్ల తనలో తాను మాట్లాడుకుంటూ పేజీలు నింపేస్తోంది. ఆమెకో తోడునివ్వు. కొమ్మూరి సాంబశివరావు గారు తన డిటెక్టివ్ యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజును ఊరికే పెట్టలేదు. చదివేవాడి తరఫున అమాయకంగా ప్రశ్నలు వేసే మనిషి ఒకరు కావాలి.

పోలీసు పని దగ్గర కూడా కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకో. కథ జరిగేది పోయిన సంక్రాంతికి, నువ్వు రాసింది ‘302 కింద కేసు’ అని. అది పాత ఐపీసీ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో హత్యకు శిక్ష చెప్పేది 103వ సెక్షన్. సినిమాల్లో విని విని 302 అందరి నోళ్లలో నానిపోయింది గానీ, కొత్త కేసుకు అది చెల్లదు. శవ పంచనామా ఊసే లేకుండా శవాన్ని ఏకంగా పోస్ట్‌మార్టమ్‌కు పంపేశావు. రిటైరైన ఎస్సైనో హెడ్ కానిస్టేబుల్‌నో పట్టుకుని ఓ సాయంత్రం టీ ఇప్పించు, కావలసినంత చెబుతారు.

విషం సంగతీ అంతే. ‘తాగాడు, పడిపోయాడు’ అని తేల్చేశావు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆస్పత్రి డిస్పెన్సరీలో మందులు కలిపే పని చేసింది. ఆ పరిజ్ఞానంతోనే 1920లో తొలి నవల రాస్తే, అందులో విషం గురించి సరిగ్గా రాసిందని మందుల వృత్తి వాళ్ల పత్రికే మెచ్చుకుంది. నీకు డాక్టర్ స్నేహితురాలు ఉంది కదా, ఆ పేజీలు ఆమెకు చూపించు.

మళ్లీ రాశాక నాకు ఆఖరి అధ్యాయం తీసేసి పంపు. హంతకుడెవరో నేను రాసి పంపుతాను, నీ దగ్గరున్న దానితో సరిచూసుకో. తప్పు చెప్పానంటే అప్పుడు ఆ అధ్యాయం పంపించు, మొదటి నుంచీ మళ్లీ చదువుతాను.

మీ మావయ్య