నెట్ పాట రెండు బాక్సులకే పరిమితమైతే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. పోయిన దసరాకు బెంగళూరులో ఒక అంగడిలో 72 వేలు పెట్టి 5.1 (ఐదు బాక్సులు, ఒక బేస్ బాక్సు, వేటి ధ్వని వాటికి విడిగా) హోం థియేటర్ రిసీవరు, బాక్సులు కొన్నాను. డిస్కు పెట్టి సినిమా చూస్తే ఐదు బాక్సులూ వేటికవి పలుకుతాయి. రిసీవరులో ఉన్న వైఫైతో యాప్ నుంచి పాట పెడితే మాత్రం రెండు ఛానెళ్లే (ఎడమ, కుడి ధ్వనులే). కొనేముందు వాట్సాప్‌లో అడిగితే ‘నెట్ పాటలు కూడా 5.1లోనే వస్తాయి సార్’ అని అంగడివాళ్లు రాశారు. సర్వీస్ సెంటర్ వాళ్లేమో ‘ఈ మోడల్ అంతే, రిపేరు కాదు’ అంటున్నారు. జీఎస్‌టీ కలిసొస్తుందని బిల్లు మా బామ్మర్ది సెల్ పాయింట్ పేరుతో తీసుకున్నాం. బిల్లు కింద ‘వివాదాలు బెంగళూరు కోర్టుల పరిధిలోనే’ అని ఉంది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే మీ గురి రిసీవరు తయారుచేసిన కంపెనీ మీద కాదు, అంగడి మీద ఉండాలి. ఇక మీరు భయపడాల్సింది బిల్లు కింద ఉన్న బెంగళూరును చూసి కాదు, బిల్లు పైన ఉన్న మీ బామ్మర్ది పేరును చూసి.

ముందు కంపెనీ సంగతి. అట్టపెట్టె మీద ‘5.1’ అని ఒకచోట, ‘మ్యూజిక్ స్ట్రీమింగ్’ అని ఇంకోచోట ఉంటుంది. రెండూ నిజమే. కానీ ఆ రెంటినీ కలిపి చదువుకున్నది మనం. చాలా రిసీవర్లలో వైఫై, బ్లూటూత్ దారిన వచ్చే పాట రెండు ఛానెళ్లే. ఐదు ఛానెళ్లు విడివిడిగా రావాలంటే సాధారణంగా హెచ్‌డీఎంఐ (బొమ్మను, ధ్వనిని కలిపి మోసే కేబుల్) వంటి తీగ ద్వారా రావాలి. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లోనే డాల్బీ అట్మాస్ (చుట్టూరా బాక్సుల్లో విడివిడిగా పలికే) పాటలు మొదలుపెట్టింది. అయినా అవి ఫోన్ నుంచి ఎయిర్‌ప్లేలో (వైఫై మీద పాట పంపే ఆపిల్ పద్ధతిలో) వెళ్తే మామూలు రిసీవరులో రెండు ఛానెళ్లుగానే దిగుతాయి. కాబట్టి పెట్టె మీద గానీ, కంపెనీ ప్రకటనలో గానీ ‘స్ట్రీమింగ్ 5.1లో’ అని స్పష్టంగా ఉంటే తప్ప వాళ్ల మీద కేసు బలహీనం. పెట్టె పారేయకుండా ఉంటే నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి.

అంగడి సంగతి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘లోపం’ అంటే వస్తువు చెడిపోవడం ఒక్కటే కాదు. సెక్షన్ 2(10) ప్రకారం వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి తగ్గితే అదీ లోపమే. ‘ఏ రూపంలోనైనా’ అన్న ఆ మాటలో మీ వాట్సాప్ మెసేజీ హాయిగా ఇముడుతుంది. లేని గుణం ఉందని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి కూడా. సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీటులో (పరీక్షించి రాసిచ్చే కాగితంలో) ‘మోడల్ అంతే’ అన్న ముక్క రాయించుకోండి. మీ మీదికి విసిరిన ఆ మాటే అంగడివాడి మీద మీకు సాక్ష్యం.

ఇప్పుడు బామ్మర్ది. వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. ఎదుటి లాయరు మొదటి వాయిదాలోనే ఆ బిల్లు ఎత్తి చూపుతాడు, సందేహం లేదు. కానీ కొన్నది ఎవరన్నది ఒక్కటే కాదు, కొనుగోలు ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. నర్సుల వసతి కోసం ఒక ఆస్పత్రి ట్రస్టు కొన్న ఫ్లాట్ల కేసు అది. మీకు అదే ఆధారం. డబ్బు మీ ఖాతా నుంచే పోయినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, బాక్సులు మీ హాల్లో బిగించిన ఫొటోలు, మీ వాడకానికే కొన్నామని బామ్మర్ది అఫిడవిట్ జతచేయండి.

అసలు ఇరకాటం ఇంకొకటుంది. మీ బామ్మర్ది ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకున్నారా? సొంత వాడకపు వస్తువులకు జీఎస్‌టీ చట్టం 17(5) కింద ఆ క్రెడిట్ రాదు. పన్ను దగ్గర ‘వ్యాపారానికి’ అని, కేసులో ‘ఇంటికి’ అని చెబితే రెండుచోట్లా దెబ్బే. తీసుకుని ఉంటే ఆడిటర్‌తో మాట్లాడి వెనక్కి కట్టించి, ఆ తర్వాతే ఫిర్యాదు వేయండి. ఇలా కలిసొస్తుందనుకుని చేసే చిన్న తెలివి పెద్ద ఖర్చు తేవడం మా దగ్గర రోజూ చూసేదే.

బెంగళూరు మాట వదిలేయండి. ఫిర్యాదుదారు ఉండే చోట కూడా కేసు వేయొచ్చని సెక్షన్ 34 చెబుతోంది. బిల్లు అడుగున అచ్చేసిన ఒక వాక్యం ఆ హక్కును తీసేయదు. అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు ఉండి తీరాలని కూడా లేదు, వినియోగదారుల కేసులకున్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. గడువు రెండేళ్లు.

సాక్ష్యం ఎలా తీయాలో కాస్త వివరంగా చెబుతాను, చాలామంది తప్పేది ఇక్కడే. రిమోట్‌లో ‘ఆల్ ఛానెల్ స్టీరియో’ నొక్కితే ఐదు బాక్సులూ మోగుతాయి. అంగడివాడు కమిషన్ ముందు అదే చూపించి ‘ఇదిగో వస్తోంది కదా’ అంటాడు. అది ఒకే పాటను ఐదు చోట్ల పంచడం, అంతే. కాబట్టి రిసీవరు సెట్టింగుల్లో ‘ఇన్‌పుట్ సిగ్నల్’ అని ఉండే పేజీ టీవీ మీద తెరవండి. యాప్ పాట నడుస్తుండగా అక్కడ రెండు ఛానెళ్లని, తర్వాత డిస్కు పెడితే 5.1 అని కనబడాలి. రెండూ ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా తీయండి. వాట్సాప్ సంభాషణ మొత్తం ఫోన్‌లోనే ఉంచండి, డిలీట్ చేయకండి. దాని ప్రింటుతో, వీడియోతో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) పెట్టాలి.

ఏం అడగాలి? మొదట మొత్తం సొమ్ము వాపసు. అది కుదరకపోతే ఆ పని చేసే మోడల్‌తో మార్పిడి. అదీ కాకపోతే హెచ్‌డీఎంఐ దారిన బహుళ ఛానెల్ పాటలు పంపే స్ట్రీమింగ్ పెట్టె ఖరీదు, ఖర్చులు. మూడోది నాకు నచ్చిన రాజీ; చాలా అంగళ్లు నోటీసు అందగానే దానికి దిగివస్తాయి. పరీక్షలు అవసరం లేని కేసు మూడు నెలల్లో, ల్యాబ్‌కు పంపితే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం. వాయిదాలు చట్టం మాట అన్నిసార్లూ వినవు గనుక ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ నంబరు వేసి, 15 రోజుల గడువుతో అంగడికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చడం తప్పు కాదు. జాబ్ షీటు మీద అడిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లే కదా.