గ్రైండర్‌తో రుబ్బాలా, అరగదీయాలా?

ప్రశ్న: మాది గేట్లు, గ్రిల్సు చేసే వెల్డింగ్ షాపు. ఈమధ్య తొమ్మిదంగుళాల పెద్ద గ్రైండర్ కొన్నాం. పెట్టెలో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంటే మా అబ్బాయి ఫోన్‌లో తెలుగు చేసి, ప్రింటు తీసి గోడకి అంటించాడు. పైన 'భారీ విధి కోణ రుబ్బురోలు' అని పేరు. కింద 'కోత చక్రంతో రుబ్బవద్దు', 'కాపలాదారుని తొలగించవద్దు', 'ముడుపుల పట్ల జాగ్రత్త వహించండి'. కుర్రాళ్ళు చదివి నవ్వుకుంటున్నారే కానీ ఒక్కటీ పాటించడం లేదు. యాంగిల్ గ్రైండర్‌కి సరైన తెలుగు పేరేమిటి? వెల్డు మీద ఎత్తుగా మిగిలినదాన్ని తీసేయడాన్ని ఏమనాలి: రుబ్బడమా, నూరడమా, సానపట్టడమా? హెవీ డ్యూటీని భారీ విధి అనొచ్చా?

సమాధానం: మీ ఉత్తరం చదివి నేనూ నవ్వాను, ముందు ఆ మాట ఒప్పుకోవాలి. ముడుపుల దగ్గరైతే ఆగలేకపోయాను. ఇంగ్లీషులో కిక్‌బ్యాక్ అంటే చాటుగా చేతులు మారే లంచం, మిషను చేతిలో ఉన్నట్టుండి వెనక్కి తన్నడం కూడా కిక్‌బ్యాకే. ఫోన్‌కి ఆ రెంటికీ తేడా తెలియలేదు, మొదటి అర్థం పట్టుకుంది. నవ్వు అయిపోయాక మాత్రం కాస్త భయం వేసింది, ఎందుకంటే ఆ గోడ మీద ఉన్నవి వేళ్ళకీ కళ్ళకీ సంబంధించిన హెచ్చరికలు, వాటిని జోకుల్లా చదువుకుంటున్న కుర్రాళ్ళ చేతిలో నిమిషానికి 6,600 సార్లు తిరిగే చక్రం ఉంది.

పేరు సంగతి త్వరగా తేల్చేద్దాం. గ్రైండర్ అనే అనండి. దాన్ని తెలుగు చేయాల్సిన అవసరం నాకు కనిపించదు. 'కోణ' అని ముందు తగిలించినా ఒరిగేదేమీ లేదు. అసలు ఆ పేరులో యాంగిల్ ఎందుకుందో మీ దగ్గర పనిచేసేవాళ్ళని అడిగి చూడండి, మా వీధి చివర షాపులో నేను అడిగితే "యాంగ్లర్లు కోసేది కదండీ, అందుకే" అన్నాడు ఒక కుర్రాడు. ఇనప యాంగ్లర్లతో, అంటే ఎల్ ఆకారపు కమ్మీలతో, రోజంతా కుస్తీ పట్టే మనిషికి అలా తోచడం సహజమే, పైగా నిఘంటువు చూసి చెప్పే అర్థం కంటే ఇలాంటి వ్యుత్పత్తులే నాకు ముచ్చటగా ఉంటాయి. నిజం మాత్రం అది కాదు. లోపల మోటారు ఇరుసు మిషను పొడుగునా ఉంటుంది, చక్రం ఇరుసు దానికి అడ్డంగా, సరిగ్గా లంబకోణంలో ఉంటుంది, తలభాగంలో ఉన్న పళ్ళచక్రాలు ఆ తిప్పుడుని మలుపు తిప్పి చక్రానికి అందిస్తాయి. ఆ మలుపే యాంగిల్. లోపల విప్పి చూస్తే తప్ప తెలియని సంగతిని పేరులో పెట్టుకుని మనం ఏం చేస్తాం?

మిగతా దేశాలవాళ్ళూ ఈ కోణాన్ని పెద్దగా పట్టించుకోలేదు. జర్మన్‌లో పుస్తకాల పేరు కోణాన్ని చెప్పేదే అయినా పనివాళ్ళు దాన్ని 'ఫ్లెక్స్' అంటారు, దాంతో చేసే పని 'ఫ్లెక్సెన్'. అది ఒక కంపెనీ పేరు. వంగే తీగలాంటి ఇరుసుతో తిరిగే పాత మిషన్లకి పెట్టిన పేరు అది, 1954లో ఆ కంపెనీ నుంచి యాంగిల్ గ్రైండర్ వచ్చేసరికి అందులో వంగేది ఏమీ లేదు, పేరు మాత్రం ఉండిపోయింది. రష్యన్‌లో ఇంకా చిత్రం, దాన్ని 'బల్గార్కా' అంటారు, అంటే బల్గేరియాది అని, ఒకప్పుడు సోవియట్ యూనియన్‌కి అవి బల్గేరియా నుంచి వచ్చేవి కాబట్టి. మట్టి తవ్వే ఏ బండినైనా మనం జేసీబీ అనడం, ఫ్రెంచి కంపెనీ పేరైన పొక్లెయిన్‌ని ప్రొక్లెయినర్‌గా మార్చేసుకోవడం ఇలాంటివే. వస్తువుకి పేరు ఎక్కడినుంచైనా వస్తుంది. ఇంట్లో పిండి రుబ్బేదీ గ్రైండరే కదా అంటారేమో, వంటింట్లో మాటకీ షాపులో మాటకీ మధ్య గోడ ఉంది, తికమకపడేవాళ్ళు ఎవరూ ఉండరు. మరీ అయితే పెద్ద మిషను, చిన్న మిషను అని మీవాళ్ళు ఎలాగూ అంటూనే ఉంటారు.

నేను పట్టుబట్టేది క్రియ దగ్గర. పేరు అరువు తెచ్చుకుంటే నష్టం లేదు. క్రియ అరువు తెస్తే, అందులోనూ తప్పు క్రియ తెస్తే, పని చెడుతుంది.

ఇంగ్లీషుకి గ్రైండ్ అని ఒక్క మాట ఉంది. పిండికీ అదే, కత్తికీ అదే, కాఫీ గింజలకీ ఇనుముకీ కూడా అదే. మనకి అలా కాదు, ఒక్కో పనికి ఒక్కో క్రియ ఉంది, ఒక్కోదానికీ ఒక్కో రాయి ఉంది. నానబెట్టిన పప్పుని రుబ్బుతాం, దానికి తడి ఉండాలి, చివరికి మెత్తటి ముద్ద అవ్వాలి. పొడిగింజల్ని తిరగలిలో విసురుతాం (తెలంగాణలో ఆ తిరగలి పేరే ఇసుర్రాయి). మరకి తీసుకెళ్తే ఆడిస్తాం లేదా పట్టిస్తాం, గిర్నీ అన్నచోట గిర్నీ పట్టిస్తారు. వడ్లు దంచుతాం. మందు నూరుతాం, పచ్చడి నూరుతాం, కత్తి కూడా నూరుతాం, కోపం వస్తే పళ్ళు నూరుతాం, అంటే నూరడంలో ఉన్నది గట్టిదాన్ని గట్టిదానికేసి ఒత్తి రుద్దడం. గంధపు చెక్కని సాన మీద అరగదీస్తాం. ఇన్నిటినీ గ్రైండ్ అనే ఒక్క సంచిలో వేసి, ఆ సంచిలోకి చెయ్యి పెట్టి మళ్ళీ ఒకటి బయటికి తీయమంటే ఫోన్‌కి రుబ్బడం దొరికింది. ఇనుముని రుబ్బలేరు. వెల్డు ముద్ద అవ్వదు.

మరి మీ పనికి ఏది? నూరడం దగ్గరగానే ఉంది కానీ నూరితే నూరినది పొడైనా అవ్వాలి, అంచుకి పదునైనా రావాలి, గేటుకి పదును ఎవరూ కోరుకోరు. సానపట్టడంలోనూ అంతే: కత్తికి పట్టిస్తే వాడి వస్తుంది, రత్నానికి పట్టిస్తే మెరుపు వస్తుంది, ఏదో ఒకటి కొత్తగా రావాలి. ఉలికి, గొడ్డలికి అంచు పెట్టేటప్పుడు మీరు గ్రైండర్ వాడితే సానపట్టడం అనే మాట అతికినట్టు సరిపోతుంది, వెల్డుకి కాదు. వెల్డు మీద మీరు చేసేది ఎక్కువైనదాన్ని తగ్గించడం, రాపిడితో కొంచెం కొంచెంగా పోయేలా చేయడం, దానికి తెలుగులో ఉన్న సరైన మాట అరగదీయడం. చెప్పులు అరుగుతాయి, టైరు అరుగుతుంది, తిన్నది కూడా అరుగుతుంది. తనంతట తాను జరిగితే అరగడం, పనిగట్టుకుని చేస్తే అరగదీయడం. ఆకురాయితో చేతిపనిగా చేసినా ఇదే మాట.

"మావాళ్ళు గ్రైండింగ్ కొట్టడం అంటారు, అది తప్పా?" అని మీరు అడగలేదు కానీ అడుగుతారని తెలుసు. తప్పేమీ కాదు. సున్నం కొడతాం, టైరుకి గాలి కొడతాం, చేలో మందు కొడతాం, గోడకి పెయింట్ కొడతాం, వీటిలో ఎక్కడా దెబ్బ లేదు, కొట్టడం అనే క్రియ ఇలాంటిచోట్ల 'చేయడం' అనేంత పలచబడింది. నోటిమాటగా గ్రైండింగ్ కొట్టు, కటింగ్ కొట్టు అనుకోండి. ఆ రెండూ రెండు పనులనీ, రెంటికీ చక్రాలు వేరనీ ఆ మాటల్లోనే తెలుస్తోంది కదా. ఫోన్ అనువాదంలో పోయింది సరిగ్గా ఇదే.

'కోత చక్రంతో రుబ్బవద్దు' అన్నది ఆ కాగితం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం, అదే అన్నిటికంటే పనికిరాకుండా పోయింది. ఎవరు రుబ్బుతారు? ఎవరూ రుబ్బరు కాబట్టి తాము చేసేది ఆ నిషేధంలోకి రాదని కుర్రాళ్ళు అనుకుంటారు. వాళ్ళు చేసేదేమిటంటే, రాడ్డు కోశాక చక్రం మార్చే ఓపిక లేక, ఆ పలచటి కోత చక్రాన్నే పక్కకి వంచి, దాని చెంపతో కోసిన అంచుని నున్నగా అరగదీయడం. కోసే చక్రం మందం 1 నుంచి 3 మి.మీ. దాకా ఉంటుంది. అంచుతో నిటారుగా కోసినంతసేపూ దానికి బలం ఉంటుంది, పక్కనుంచి ఒత్తితే పగులుతుంది. అరగదీసే చక్రం సుమారు 6 మి.మీ. మందం ఉండి మధ్యలో గుంటలా లోపలికి దిగి ఉంటుంది, దాన్ని పని మీద 15 నుంచి 30 డిగ్రీల వాలులో పెట్టి వాడాలి. కాబట్టి గోడ మీద ఇలా ఉండాలి: 'కోసే చక్రాన్ని పక్కకి వంచి అరగదీయొద్దు. పగిలి ముక్కలు ఎగురుతాయి.' ఇది చదివి ఎవరూ నవ్వరు.

ఆ చక్రం గురించి ఇంకో ముచ్చట, సందేహానికి నేరుగా సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. ఇనుముకి వాడే చక్రంలో ఉండే రజను ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్. అదే పదార్థం భూమిలో దొరికితే దాన్ని ఇంగ్లీషులో కోరండం అంటారు, ఆ కోరండం మన దక్షిణాది నుంచి వెళ్ళిన మాట, తమిళంలో కురుందం. సంస్కృతంలో, మన నిఘంటువుల్లో కురువిందం అంటే కెంపు, కెంపు కూడా ఆ జాతి రాయే. పూర్వం మన దేశంలో రత్నాలు సానపట్టేవాళ్ళు కురుందం పొడిని లక్కలో కలిపి సాన చక్రం చేసుకునేవారు, ఇప్పుడు లక్క బదులు రెజిన్ అనే జిగురు, బలానికి మధ్యలో గాజునూలు వల. పేరు ఎక్కడిదైతేనేం అన్నాను కానీ ఇది మాత్రం మనదే అని కాస్త గర్వపడితే తప్పు లేదనుకుంటా.

ఇక భారీ విధి. విధి అంటే మనకి తలరాత, కాదంటే చేయాల్సిన ధర్మం. గ్రైండర్‌కి ఈ రెండూ లేవు. ఇక్కడ డ్యూటీ అంటే ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు, మీ వెల్డింగ్ మిషను రేకు మీద డ్యూటీ సైకిల్ 60% అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్, నాలుగు నిమిషాలు దానికి విశ్రాంతి అని కదా. అంటే ఆ డ్యూటీ మన చాకిరీకి దగ్గర. 'చాకిరీకి ఆగే మిషను', 'బండపనికి పనికొచ్చేది', ఇలా అనుకుంటే విషయం చక్కగా అందుతుంది. పెట్టె మీద హెవీ డ్యూటీ అని రాసి ఉండటం కొలత కాదు, అమ్మేవాళ్ళ విశేషణం, దాన్ని తెలుగు చేసి గోడకి అంటించే పనే లేదు. చూడాల్సింది రేకు మీద అంకెలు: నాలుగంగుళాల మిషన్లు మామూలుగా 600 నుంచి 900 వాట్లు, మీ తొమ్మిదంగుళాలది 2,000 వాట్లు దాటి ఉంటుంది, బరువు అయిదారు కిలోలు. చానెళ్ళు, లావు పైపులు కోయడానికి అది కావాలి. గ్రిల్లులో మూలల వెల్డు అరగదీయడానికి దాన్ని ఎత్తుకుని తిరగడం దండగ, చేతులు లాగేస్తాయి, మూలలోకి దూరదు కూడా. అక్కడికి నాలుగో అయిదో అంగుళాలది చాలు.

చిన్న మిషను వేగం ఎక్కువ, పెద్దదాని వేగం తక్కువ, ఇది చాలామందికి తిరగబడి అర్థమవుతుంది. చిన్నది నిమిషానికి 11,000 సార్లు తిరిగితే పెద్దది 6,600. చక్రం పెద్దదయ్యేకొద్దీ అదే తిప్పుడుకి అంచు వేగం పెరిగిపోతుంది, అందుకే తగ్గిస్తారు. 230 మి.మీ. చక్రం 6,600 దగ్గర తిరిగితే అంచు వేగం సెకనుకి దాదాపు 80 మీటర్లు, అంటే గంటకి 280 కిలోమీటర్ల పైమాట. చక్రం మీద 80 అని రాసి ఉండేది ఆ హద్దే. ఏడంగుళాల చక్రాన్ని, పైన కప్పి ఉండే గార్డు పీకేసి, చిన్న మిషనుకి ఎలాగో ఇరికించారనుకోండి, 8,500 దాటకూడని చక్రం 11,000 తిరుగుతుంది. అందుకని గోడ మీద 'గరిష్ఠ అనుమతించదగిన భ్రమణ వేగం' అని రాయకుండా 'చక్రం మీద రాసిన తిప్పుళ్ళ అంకె మిషను తిప్పుళ్ళ కంటే తక్కువ ఉండకూడదు' అని రాయండి.

కాపలాదారుని గార్డుగానే ఉంచేయండి, 'గార్డు తీయొద్దు', రెండు మాటలు. ముడుపుల బదులు 'చక్రం ఇరుక్కుంటే మిషను వెనక్కి తన్నుతుంది, రెండు చేతులా పట్టుకోండి, చక్రానికి ఎదురుగా నిలబడొద్దు'. తన్నడం మన మాటే, ఇంజను తన్నుతుంది, తుపాకీ తన్నుతుంది. ఎందుకు ఇరుక్కుంటుందో కూడా చెప్పండి: రెండు బల్లల మీద పెట్టిన రాడ్డుని నడిమధ్య కోస్తే అది కిందికి కుంగి, కోత మూసుకుపోయి చక్రాన్ని పట్టేస్తుంది. కోసే ముక్క బయటికి వేలాడేలా పెట్టుకుంటే కోత తెరుచుకుంటూ పోతుంది. ఆ పుస్తకంలో 'డెడ్ మ్యాన్ స్విచ్' అని ఎక్కడైనా ఉంటే మీ అబ్బాయి కాగితంలో అది చనిపోయిన మనిషి మీట అయ్యే ఉంటుంది, దయచేసి 'వదిలితే ఆగే స్విచ్' అని దిద్దండి, పండగపూట ఎవరైనా చదివితే బాగుండదు.

'కార్బన్ బ్రష్' కూడా ఉండే ఉంటుంది, బొగ్గు కుంచె అయిపోయి. అది మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్క. దాన్ని గురించి గోడ మీద ఏమీ రాయక్కర్లేదు, మిషను లోపల నిప్పురవ్వలు ఎక్కువై ఆగి ఆగి తిరుగుతుంటే "కార్బన్లు అయిపోయాయి" అని మీ షాపులో ఎవరో ఒకరు మీకంటే ముందే అంటారు.