మంచె అనాలా, మాటు అనాలా?

సందేహం: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా పక్కింటాయన జింకల వేటకని నాలుగు గుంజల మీద ప్లైవుడ్‌తో చిన్న గది కట్టుకున్నారు. లోపలంతా నల్లరంగు, కింద పాత కార్పెట్, కూర్చుంటే కళ్లకు సరిపోయే ఎత్తులో సన్నటి కిటికీలు. ఇక్కడ దాన్ని ‘డీర్ బ్లైండ్’ అంటారు. అమ్మకు చెబితే ‘మంచె అనరాదూ’ అంది. ఫోన్లో అనువాదం చూస్తే ‘ఇంట్లో తయారుచేసిన జింక గుడ్డి’ అని వచ్చింది! ఏది సరైనది?

సమాధానం: ముందు ఆ గుడ్డిని వదిలేద్దాం. ఇక్కడ బ్లైండ్ అంటే చూపుకు అడ్డం పెట్టిన మరుగు. కిటికీలకు వేసుకునే బ్లైండ్స్ కూడా ఆ కోవవే.

మీ అమ్మగారి మాట సగం సరిపోతుంది. జొన్నచేలో గుంజలు పాతి, పైన కర్రలు పరిచి కట్టేది మంచె. దాని మీద నిలబడి వడిసెల తిప్పుతూ కేకలేసే మనిషి పిట్టలకు కనపడాలి, వినపడాలి. టెక్సాస్ వేటగాడిది దీనికి పూర్తిగా తలకిందుల వ్యవహారం. బూటు చప్పుడు కాకూడదనే ఆ కార్పెట్, లోపల మనిషి కదలిక తెలియకూడదనే ఆ నల్లరంగు. అంటే కట్టుబడి మంచెదే, పని మాత్రం వేరు. అలాగని వేటకు మంచె కొత్తేమీ కాదు. పులుల వేట సాగిన రోజుల్లో చెట్ల మీద కట్టిన ‘మచాన్’, మన మంచె, మనం పడుకునే మంచం అన్నీ సంస్కృత ‘మంచ’ సంతానమే. (1972 నాటి వన్యప్రాణి చట్టం తర్వాత మన దగ్గర ఆ వేట ముచ్చట్లు లేవనుకోండి.)

మీకు కావలసిన అసలు మాట ‘మాటు’. చాటుమాటు, మాటు వేయడం అన్నప్పుడు వినిపించే మాటు ఇదే. ‘ఒకమాటు రండి’ అన్నా, చిల్లుపడ్డ బిందెకు మాటు వేయించినా అర్థాలు వేరు. సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, తికమక ఉండదు.

నేల మీదే కొమ్మలతోనో గుడ్డతోనో అమర్చుకున్నదైతే ఉత్త ‘మాటు’ చాలు. మీ పక్కింటాయనది ఎత్తు మీద ఉంది కాబట్టి ‘మాటుమంచె’ అనండి. నిఘంటువులో వెతక్కండి, నేను జోడించిన మాటే. అయినా చెప్పగానే ఊరివాళ్లకు అర్థమవుతుంది. ‘వేట స్థావరం’ అంటే పోలీసులు దాడి చేసేది గుర్తుకొస్తుంది, ‘ఆఖేట కుటీరం’ (ఆఖేటమంటే సంస్కృతంలో వేట) అంటే ముని ఎవరో తపస్సు చేస్తున్నట్టుంటుంది.

‘ఇంట్లో తయారుచేసిన’ కూడా వద్దు. పచ్చడికైతే బాగుంటుంది గానీ, దీన్ని ఇంట్లో చెయ్యలేదు కదా! ‘సొంతంగా కట్టుకున్న’ అంటే సరి.

మీరు అడగలేదు గానీ, అక్కడ వేటాడే ‘వైట్-టెయిల్డ్ డీర్’, అంటే తెల్లతోక జింక, శాస్త్రం ప్రకారం దుప్పి జాతి. మగది ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి మొలిపించుకుంటుంది. మన కృష్ణజింక కొమ్ములు రాలవు. మాటల్లో జింక అన్నా ఎవరూ తప్పుపట్టరు, రాతలో మాత్రం దుప్పి మేలు.

ఇక క్రియ. ‘పోలీసులు మాటు వేసి పట్టుకున్నారు’ అని పత్రికలు రాస్తాయి, తప్పు లేదు. కానీ తెల్లవారకముందే వెళ్లి గంటల తరబడి కదలకుండా కూర్చోవడానికి ‘మాటు కాయడం’ బాగా అతుకుతుంది. ‘కాపు కాయడం’ అని కూడా అంటుంటారు గానీ, అందులో రక్షించడమనే అర్థం పాలు ఎక్కువ. చేనికి కాపు కాస్తాం, దుప్పి కోసం మాటు కాస్తాం.