పెరటి పక్షులు: పెట్టె కడితే గుడ్లగూబ వస్తుందా?

ప్రశ్న: మాది కొబ్బరి తోట. ఎలుకలు లేత కాయలు కొరికి రాల్చేస్తున్నాయి. గుడ్లగూబలు ఎలుకల్ని తింటాయని విని చెక్కపెట్టె చేయించి కొబ్బరిచెట్టుకి కట్టించాను. నిరుడు దసరా నుంచి ఒక్క పక్షీ తొంగిచూడలేదు. లోపల మాంసం ముక్కలు పెడితే వస్తాయా మేడమ్?
- ఒక రైతు, అంబాజీపేట

జవాబు: మాంసం పెట్టకండి. చీమలూ పిల్లులూ వస్తాయి తప్ప గుడ్లగూబ రాదు. అది గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడు విని, చిమ్మచీకట్లో కూడా గురి తప్పకుండా పట్టే పక్షి. మీ తోటలో దానికి మేత ఉంది. లేనిది నిశ్చింతగా ఉండే చోటు.

ముందు ఆ పెట్టెని కొబ్బరిచెట్టు మీంచి తీయించండి. దింపు కోసం మాటిమాటికీ మనిషి ఎక్కే చెట్టు మీద అది గుడ్లు పెట్టదు. పైగా తుఫాను గాలికి చెట్టు ఎలా ఊగుతుందో మీకు నేను చెప్పాలా! తోట చివర, చేల వైపు, పన్నెండు పదిహేను అడుగుల ఎత్తున్న స్తంభం పాతి దాని మీద బిగించండి. వాడకంలో లేని కొబ్బరి షెడ్డు ఉంటే ఇంకా మంచిది, లోపల కప్పు కింద పెట్టేయండి. తెల్ల గుడ్లగూబకి పాడుబడ్డ మండువా లోగిళ్ళ అటకలు, గుడి గోపురాల్లో గూళ్ళు అంటే చాలా ఇష్టం.

పెట్టె రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. కంత అయిదారు అంగుళాలు చాలు, కానీ పిల్లలు జారిపడకుండా పైకి ఉండాలి. అడుగు చెక్కకి నీరు కారిపోయే బెజ్జాలు పెట్టించండి. లోపల రంగు, వార్నిష్ వద్దు. ఈ పక్షి పుల్లా గడ్డీ తెచ్చుకోదు కాబట్టి రంపపు పొట్టు రెండంగుళాలు పరవండి. స్తంభానికి నున్నటి రేకు చుడితే పిల్లీ జెర్రిపోతూ ఎక్కలేవు. దగ్గర్లో రాత్రంతా వెలిగే లైటు ఉండకూడదు. ఇన్ని చేసినా ఏడాది రెండేళ్ళు ఖాళీగా ఉండొచ్చు, అంతమాత్రాన పీకేయకండి.

మీరు రాయని సంగతి ఒకటుంది. తోటలో గానీ పక్క చేలో గానీ ఎలుకల మందు పెడుతున్నారా? బ్రోమాడయొలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటి ఎలుకే గుడ్లగూబకి సులువుగా దొరుకుతుంది, దాంతో మందు పక్షి కాలేయంలో పేరుకుంటుంది. ఒకపక్క పెట్టె కట్టి, ఇంకోపక్క మందు పెట్టడమంటే భోజనానికి పిలిచి విస్తట్లో విషం వడ్డించడమే. ఈ మాట కటువుగా ఉన్నా అనక తప్పదు, ఎందుకంటే పెట్టె గురించి ఉత్తరాలు రాసేవాళ్ళు మందు సంగతి ఎత్తరు.

బదులుగా ఎలుకల బుట్టలు పెట్టేవాళ్ళని పిలిపించండి. సార్వా నాట్లకు ముందే గట్లు సన్నగా చెక్కించి, కలుగుల్లో పొగ పట్టించండి. కొబ్బరి మొదళ్ళకి మనిషెత్తున రేకు పట్టీ చుట్టండి. మట్టలు ఒకదానికొకటి తగులుతుంటే మాత్రం పట్టీ దండగ, ఎలుక పైనుంచే చెట్టు మారుతుంది. అలాంటి తోటలోనే గుడ్లగూబ అవసరం ఎక్కువ. లక్షద్వీప్‌లోని కవరత్తిలో కొబ్బరిని ఎలుకల నుంచి కాపాడటానికి కేరళ నుంచి ఈ పక్షుల్నే తీసుకెళ్ళారు. మలేసియా పామాయిల్ తోటల్లో వీటికోసం పెట్టెలు కట్టడం మామూలు. మనకి ఎక్కణ్ణుంచీ తేనక్కర్లేదు. మన ఊళ్ళ గోపురాల్లో ఉన్నాయి, చోటిస్తే చాలు.

ప్రశ్న: మా పెరట్లో పెట్టెలోంచి చీకటి పడగానే బుసలు వినిపిస్తున్నాయి. పాము దూరిందని ఇంట్లో ఒకటే టెన్షన్. టార్చి వేస్తే కోతి మొహంలాంటి తెల్లటి మొహాలు రెండు మూడు కనిపించాయి. పగలేమో చింతచెట్టు మీద పిడికెడు గూబ ఒకటి మమ్మల్ని చూసి తల ఊపుతోంది. ఇవన్నీ దాని పిల్లలేనా?
- ఒక గృహిణి, ముమ్మిడివరం

జవాబు: కాదమ్మా, ఆ రెండూ వేరే జాతులు. బుస కొట్టేవి తెల్ల గుడ్లగూబ పిల్లలు. ఆకలేసినా, భయమేసినా అలాగే బుసకొడతాయి. 2017లో విశాఖపట్నంలో కడుతున్న భవనంలో ఇలాంటి పిల్లలే కనిపిస్తే గ్రహాంతరవాసులంటూ వీడియో దేశమంతా తిరిగింది. ఎదిగిన పక్షికి హృదయాకారపు తెల్లటి మొహం, నల్లటి కళ్ళు, బంగారు బూడిద రంగు వీపు ఉంటాయి. చెవుల దగ్గర పిలకలు ఉండవు. ఎగిరితే చప్పుడుండదు, అరిస్తే మాత్రం గుడ్డ చింపినట్టు కీచుమంటుంది.

పిల్లలు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ ఉన్నాయా? మొదటి గుడ్డు పెట్టగానే తల్లి పొదగడం మొదలుపెడుతుంది, మిగతావి రెండు మూడు రోజుల తేడాతో పెడుతుంది. అందుకని పిల్లలూ వరసగా, తేడాతో బయటికొస్తాయి. రెండు నెలలకి ఎగరడం నేర్చుకుంటాయి. అందాకా టార్చి వేయకండి.

చింతచెట్టు మీదిది పైడికంటి. గోధుమ బూడిద రంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, పసుపు కళ్ళు, తెల్లటి కనుబొమలు ఉంటాయి. ఎనిమిది అంగుళాలకి మించదు. పగలు కూడా తరచుగా కనిపించే గూబ ఇది, ఎక్కువగా జంటగా ఉంటుంది. సందెవేళ "చిర్ర్, చిర్ర్, చివక్" అని పోట్లాడుకున్నట్టు అరుస్తుంది. పురుగులు, బల్లులు, చిట్టెలుకలు దీని మేత. దీనికీ పెట్టె కట్టాలనుంటే ఎనిమిది అంగుళాల చదరం, అడుగు పైన ఎత్తు, మూడంగుళాల కంత చాలు. నవంబరులోపే కట్టండి, ఆ తరువాతే ఇవి గుడ్లు పెట్టేది.

ఇంకొక గుర్తు కూడా చూడండి. పెట్టె కింద బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. అవి రెట్టలు కావు. అరగని బొచ్చునీ ఎముకల్నీ పక్షి నోటితో కక్కేస్తుంది. గ్లవ్స్ వేసుకుని నీళ్ళలో నానబెట్టి విప్పితే పుర్రెలు దొరుకుతాయి. ముందు పళ్ళు నారింజ రంగులో ఉంటే ఎలుకే. జువాలజీ చదివే పిల్లలకి నేను ఎప్పుడూ ఇదే చూపించేదాన్ని, బొమ్మ గీసి చెప్పినదానికంటే ఇదే వాళ్ళకి గుర్తుండేది.

ప్రశ్న: మా పెరట్లోకి గూబ వచ్చింది. చావుపిట్ట ఇంటి మీద వాలితే కీడని మా అత్తగారు ఇల్లు ఖాళీ చేద్దామంటున్నారు.
- ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఆవిడతో వాదించకండి, ఆవిడ భయం నిజమైనదే. వడ్ల పురులుండే ఇళ్ళకి గూబలు ఎందుకొచ్చేవో మాత్రం ఆవిడనే అడగండి. ధాన్యం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట గూబ. ఎదిగిన పక్షి రాత్రికి ఒకటి రెండు ఎలుకల్ని తింటుంది, పిల్లలుంటే ఇంకా ఎక్కువ పట్టుకొస్తుంది. పైన చెప్పిన ఉండ ఒకటి విప్పి ఆవిడ ముందు పెట్టండి. ఇంకో జాగ్రత్త: దీపావళి అమావాస్య ముందు క్షుద్రపూజల కోసం గూబల్ని పట్టేవాళ్ళు తిరుగుతారు. మీ పెరట్లో గూబ ఉన్న సంగతి అందరికీ చెప్పకండి. పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఎవరైనా అడిగితే అటవీశాఖకి ఫోన్ చేయండి.

ప్రశ్న: గూబ పిల్ల గూట్లోంచి కింద పడింది. ఏం పెట్టాలి?
- ఒక విద్యార్థి, రాజోలు

జవాబు: ఏమీ పెట్టకు నాన్నా. పాలు, అన్నం, రొట్టె అసలే వద్దు. గాయం లేకపోతే తువ్వాలుతో పట్టుకుని తిరిగి గూట్లోనే పెట్టెయ్. మనిషి ముట్టుకున్నాడని తల్లి వదిలేయదు. గూడు అందకపోతే బెజ్జాలున్న అట్టపెట్టెలో పెట్టి, కుక్కలకి దూరంగా ఉంచి, పెద్దవాళ్ళతో అటవీశాఖ వాళ్ళకి కబురు చేయించు. గోళ్ళు పదునుగా ఉంటాయి, జాగ్రత్త.