టెక్ సందేహాలు: మొదటి ట్రావెల్ ట్రైలర్, దాన్ని లాగే బండి

ప్రశ్న: మేం నలుగురం. మొదటిసారి ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొనాలనుకుంటున్నాం. మా ఎస్‌యూవీ 3,000 కిలోలు లాగుతుందని బ్రోషర్‌లో ఉంది. మాకు నచ్చిన ట్రైలర్ ఖాళీ బరువు 2,200 కిలోలే. తీసుకోవచ్చా? డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ ఫొటో కూడా పంపుతున్నాం.

జవాబు: ఆ ఫొటో పంపి మంచి పని చేశారు. నా సలహా, ఆ ట్రైలర్ వద్దు.

ఖాళీ బరువును నమ్ముకోకండి. చాలా కంపెనీలు అందులో బ్యాటరీని, నిండు గ్యాస్ సిలిండర్లను లెక్కేయవు. నీళ్లు లీటరుకు కిలో. ఇక పరుపులు, గిన్నెలు, కుర్చీలు ఎలాగూ ఉంటాయి. అందుకే ట్రైలర్ ప్లేట్ మీద ఉండే గరిష్ఠ అనుమతి బరువును (జీవీడబ్ల్యూఆర్) చూడాలి. మీ ట్రైలర్‌కి అది 2,900 కిలోలు.

అసలు చిక్కు పేలోడ్‌తో, అంటే మీ బండి తన మీద మోయగల బరువుతో వస్తుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం) మీద, అంటే మీ బండి వెనక భాగం మీద పడుతుంది. 12 శాతం అనుకున్నా దాదాపు 350 కిలోలు. మీ నలుగురూ కలిసి 260, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బరువును చక్రాల మధ్య పంచే రకం) 40. మొత్తం 650. మీ స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి 560 దాటకూడదని ఉంది. ఒక్క బ్యాగు కూడా పెట్టకముందే 90 కిలోలు ఎక్కువైంది! ఖరీదైన హిచ్ కొంటే ఈ పరిమితి పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది ముందు, వెనక చక్రాల మధ్య బరువును సర్దుతుందే తప్ప పేలోడ్‌ని పెంచదు.

1,800 కిలోల జీవీడబ్ల్యూఆర్ ఉన్నదైతే హిచ్ మీద 216 పడుతుంది, మీ సామానుకి 44 కిలోలు మిగులుతాయి. అదీ ఇరుకే. పెద్ద ట్రైలరే కావాలంటే ముందు బండి మార్చాలి. కొనే ముందు సరిగ్గా ఆ బండి తలుపు తెరిచి స్టిక్కర్ చదవండి. ఒకే మోడల్లో కూడా సన్‌రూఫ్, పెద్ద చక్రాలు వంటి అదనాలు చేరేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది.

బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను డ్రైవర్ దగ్గర్నుంచే నడిపే పరికరం) విషయంలో మాత్రం పొదుపు చూడొద్దు. బండి బ్రేక్ ఎంత గట్టిగా పడితే ట్రైలర్ బ్రేకులూ అంతే పట్టేలా చేసే ప్రపోర్షనల్ రకం తీసుకోండి. బరువంతా వెనక్కి సర్దితే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు టెన్షన్‌తో బండి బ్రేక్ తొక్కేయకండి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకండి. యాక్సిలరేటర్ వదిలి, కంట్రోలర్ మీదున్న లివర్‌ని నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి అది దారిలోకొస్తుంది. ఆ లివర్ ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్లేలా ఖాళీ మైదానంలో సాధన చేయండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుతో ట్రైలర్ లాగొచ్చా?

జవాబు: కంపెనీ అనుమతించిన మోడల్ అయితే లాగొచ్చు. ఎత్తైన ట్రైలర్‌కి ఎదురయ్యే గాలి అడ్డుకోవడం వల్ల రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం) దాదాపు సగానికి పడిపోతుందనుకుని ప్లాన్ వేసుకోండి. చాలా చార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్‌ని విప్పి పక్కన పెట్టాకే కారు చార్జర్ దగ్గరికి చేరుతుంది. దారిలో ఎక్కడ విప్పకుండా చార్జ్ చేసుకోవచ్చో బయల్దేరే ముందే మ్యాప్‌లో చూసుకోండి.