ఎన్నారై సందేహాలు: దాల్మాలో చింతపండేమిటి?

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలోని రాయగడ. పెళ్ళయి మిషిగన్ వచ్చి ఏడు నెలలైంది. ఇక్కడ శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చే విందు. ప్రతిసారీ కొత్త వంటకం తీసుకెళ్ళాలని వీడియోలు చూసి చేస్తాను. సగం సార్లు కుదరదు. మొన్న ఒడియావాళ్ళ కూరగాయల పప్పు దాల్మా చేస్తే మన తెలుగువాళ్ళు "ఇది పప్పా, సాంబారా?" అన్నారు. ఒడియా స్నేహితురాలేమో "దాల్మాలో చింతపండేమిటి?" అని నవ్వింది. ఇప్పుడు శుక్రవారం వస్తోందంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, నీ ప్రశ్న చదివే వేళకి నేను బరంపురంలో మా అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నాను. ఇరవై రెండేళ్ళుగా డెట్రాయిట్ దగ్గర కాపురం. ఏటా ఫిబ్రవరిలో నెల రోజులు ఇక్కడికి వచ్చి పడతాను. పైకి ఆవిడను చూడటానికని చెబుతాను కానీ, సగం తిండి కోసమే. నీ ప్రశ్న గట్టిగా చదివి వినిపిస్తే అమ్మ అరటికాయ తరగడం ఆపి "చింతపండు వెయ్యకపోతే ఎలా దిగుతుందట గొంతు?" అంది. ఆవిడ వరకు సమాధానం అయిపోయింది. నేను మాత్రం కాస్త వివరంగా చెబుతాను.

మన జిల్లాల సంగతి నీకు తెలియనిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం, జయపురం వైపు ఊళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చాయి. వంటిల్లు మాత్రం ఇంటికొకటిగానే ఉండిపోయింది. మా ఇంట్లో దాల్మాకి కందిపప్పు, పెసరపప్పు సగం సగం. అరటికాయ, గుమ్మడికాయ, వంకాయ, చేమదుంప, దొరికితే మునక్కాడ. నెయ్యిలో పంచ ఫుటణ, అంటే జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, కలోంజీ అయిదూ కలిపి పోపు. దించాక కొబ్బరి కోరు, వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిరప పొడి. ఇంతవరకూ పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) చేసేదే. ఆ తర్వాత మా నాయనమ్మ కాలం నుంచీ ఉసిరికాయంత చింతపండు, చిటికెడు ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు. మావుసీ ఇన్నేళ్ళూ మా గిన్నె ఖాళీ చేసి, "బాగుంది గానీ ఇది దాల్మా కాదు" అని కడిగి పంపుతూనే ఉంది. మళ్ళీ వారం గిన్నె వెళ్తూనే ఉంది.

అందుకని పాట్‌లక్‌లో గిన్నె మీద 'దాల్మా' అని ఊరికే రాయకు. 'మా రాయగడ ఇంటి దాల్మా' అని రాయి. ఆ మూడు మాటలు చేరిస్తే పోలిక పెట్టేవాళ్ళు సగం తగ్గుతారు. ఎవరైనా అడిగితే చింతపండు ఎందుకో చెప్పు, క్షమాపణ మాత్రం అడక్కు. అదే జగన్నాథుడి భోగానికి దగ్గరగా చేస్తున్నానని చెప్పి ఉల్లిపాయ వేస్తే అప్పుడు నవ్వితే తప్పు లేదు.

ఇక నీ అసలు ఇబ్బంది దాల్మా కాదని నాకు అనిపిస్తోంది. శుక్రవారం రాత్రి వీడియో చూసి శనివారం పొద్దున మొదటిసారి చేసి, మధ్యాహ్నం ముప్ఫై మంది ముందు పెడుతున్నావు. ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా అది కుదరదు. నా పద్ధతి ఒకటుంది. మొదటిసారి మీ ఇద్దరికే, అదీ సగం కొలత. మాడినా, జావయినా మీ ఆయన తింటాడు. రెండోసారి ఒక్క ఇంటికి, మొహమాటం లేకుండా "ఉప్పెక్కువైంది" అనగలిగే వాళ్ళకి, గిన్నెలో పెట్టి పంపు. మూడోసారి నలుగురి ముందుకి. ఆ లెక్కన నెలకొక కొత్త వంటకం చాలు. మిగతా వారాలు నీకు కళ్ళు మూసుకున్నా వచ్చేది పట్టుకెళ్ళు. పులిహోర ప్రతిసారీ తెచ్చిందని ఎవరూ అనుకోరు. పులిహోర గిన్నె ముందు ఖాళీ అవుతుంది, చూసుకో.

ఈ మూడుసార్ల పద్ధతి నాకు ఊరికే రాలేదు. అమెరికా వెళ్ళిన రెండో ఏడాది ఉగాదికి నలభై మందికి ఛెనాపోడ, అంటే విరిచిన పాల ముద్దను కాల్చి చేసే ఒడియా మిఠాయి, చేస్తానని ఒప్పుకున్నాను. అప్పటికి ఇంట్లో ఒక్కసారే చేశాను, చిన్న గిన్నెలో బాగా వచ్చింది. దాన్నే నాలుగింతలు చేసి లోతైన ట్రేలో పోసి, అదే వేడిలో, అదే నలభై అయిదు నిమిషాలు పెట్టాను. తీసి చూస్తే మధ్యలో గరిటెజారుగా ఉంది. మళ్ళీ లోపల పెడితే అంచులు బొగ్గయ్యాయి, నడుమ అలాగే ఉంది. ఆ రోజు అందరికీ అంచుకీ నడుముకీ మధ్యనున్న సన్నటి పట్టీ కోసి పెట్టాను. మిగతాది చీకటి పడ్డాక చెత్తలో పడేశాను, మా ఆయనక్కూడా చెప్పలేదు. ఓవెన్ వేడి అంచుల నుంచి లోపలికి పాకాలి. మందం పెరిగితే దానికి పట్టే సమయం బాగా పెరుగుతుంది, కొలతతోపాటు లెక్క కట్టి సరిపెట్టడానికి కుదరదు. ఎక్కువ మందికి చేయాలంటే అదే సైజు గిన్నెలు నాలుగు పెట్టు, గిన్నెను పెద్దది చేయకు.

ఛెనాపోడ మన వైపు ప్రతి మిఠాయి కొట్లో ఉంటుంది కదా, ఇంట్లో చేసేవాళ్ళు తక్కువ. అమెరికాలో ప్రతి ఇంట్లో ఓవెన్ ఉంది, కొట్టే లేదు. కాబట్టి నువ్వు నేర్చుకోవలసిన మొదటి కొత్త వంటకం అదేనంటాను. తెలుగువాళ్ళకి కొత్త, ఒడియావాళ్ళకి ప్రాణం, తెల్లవాళ్ళకి చీజ్‌కేక్‌కి చుట్టంలా కనిపిస్తుంది. పిల్లలు గొడవ చేయకుండా తింటారు.

పాల దగ్గరే జాగ్రత్త. డబ్బా మీద 'అల్ట్రా పాశ్చరైజ్డ్' అని ఉంటే తీసుకోకు. బాగా ఎక్కువ వేడికి కాచిన పాలవి, విరిచినా ముద్ద కట్టవు, పిండిపిండిగా బట్టలోంచి జారిపోతాయి. ఆర్గానిక్ పాలల్లో చాలావరకు ఆ రకమే ఉంటాయి, ఖరీదైనవి కదా మంచివని కొనకు. మామూలు హోల్ మిల్క్ గ్యాలన్ తీసుకో, అంటే 3.78 లీటర్లు. పొంగు వచ్చాక స్టవ్ ఆపి, రెండు నిమిషాలు ఆగి, నిమ్మరసమో వెనిగరో సమానంగా నీళ్ళు కలిపి కొద్దికొద్దిగా పోయి. నీళ్ళు పచ్చగా తేలగానే ఆపేయి. ఆరేడు వందల గ్రాముల ఛెన, అంటే విరిగిన పాల ముద్ద, వస్తుంది.

నిన్న ఇదే పని ఇక్కడ చేస్తుంటే మావుసీ గోడ మీంచి చూసి, ఆగలేక ఇటు వచ్చేసింది. నేను బట్టలో మూట కట్టి, పనీరుకి పెట్టినట్టు పైన రోలు బరువు పెట్టబోతున్నాను. నా చేతిలోంచి మూట లాక్కుంది. పళ్ళెంలో కుమ్మరించి, మణికట్టుతో నాలుగుసార్లు పామి, అరచెయ్యి తిప్పి చూపించింది. చేతి గీతల్లో నెయ్యి మెరుస్తోంది. "ఇలా అంటాలి. ఎండిపోయిన ఛెనతో పోడ చేస్తే ఇటుకే" అంది. ఇరవై రెండేళ్ళుగా నా ఛెనాపోడ ఎందుకు పొడిగా వస్తోందో అప్పుడు తెలిసింది. తడి ఉండాలి, కారకూడదు.

ఆ ఛెనలో 200 గ్రాముల పంచదార, మూడు పెద్ద చెంచాల బొంబాయి రవ్వ, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, జీడిపప్పు, కిస్‌మిస్ వేసి జారుగా అయ్యేదాకా కలుపు. పంచదార వేసిన కాసేపటికే అది వదులవుతుంది, నీళ్ళు కలపాలేమో అని కంగారు పడకు. గిన్నె అడుగున రెండు చెంచాల పంచదార ఎర్రగా కరిగించి, దాని మీద ఇది పోసి, 350 ఫారెన్‌హీట్‌లో నలభై అయిదు నుంచి యాభై నిమిషాలు. ఎనిమిది అంగుళాల గిన్నె సరిపోతుంది. మన వైపులా సాల్ చెట్టు ఆకుల్లో చుట్టి కాల్చిన వాసన రాదు, దానికి ఏమీ చేయలేం. పూర్తిగా చల్లారాక కోస్తేనే ముక్క నిలబడుతుంది, ముందు రాత్రే చేసిపెట్టుకో.

కొలతల మాట వచ్చింది కాబట్టి, వీడియోల్లో 'కప్పు' అన్నది ఏ కప్పో ఎవరికీ తెలియదు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, మన ఇళ్ళలో కప్పు ఎంతంటే అంత. చిన్న తూకం యంత్రం కొనుక్కో. నేనది ఇక్కడికీ మోసుకొచ్చి, అమ్మ పిడికెడు ఎన్ని గ్రాములో తూచాను. మూడుసార్లు తూచితే బియ్యం 46, 45, 46. ఆవిడ చెయ్యే తూకం! నా పిడికెడు ఒకసారి 38, ఒకసారి 52.

ఇంకొకటి, ఇది మాత్రం మొహమాటానికి వదలకు. పదిమందికి పెట్టేటప్పుడు అందులో ఏముందో చిన్న కాగితం మీద రాసి గిన్నె పక్కన పెట్టు. ఒకసారి గోధుమ పడని అబ్బాయి ఉన్న ఇంటికి దాల్మా తీసుకెళ్ళాను. పప్పు, కూరలే కదా, గోధుమ ఎక్కడిది అని ధైర్యంగా చెప్పాను. వాళ్ళమ్మ "పోపులో ఇంగువ వేశారా ఆంటీ?" అని అడిగింది. ఇంటికి ఫోన్ చేసి డబ్బా వెనక చదివించాను. ఇంగువ, గోధుమపిండి. కొట్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి పిండి కలుపుతారు. ఆ పిల్లాడి కంచంలోకి వెళ్ళకముందే అడిగింది కాబట్టి సరిపోయింది. వరిపిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, డబ్బా చదువు. వేరుశనగ, జీడిపప్పు సంగతి అందరికీ తెలుసు. నువ్వులను కూడా 2023 జనవరి నుంచి అమెరికాలో ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు. నువ్వులపొడి చల్లిన వంకాయ పట్టుకెళ్తే రాసి పెట్టు. నది దాటి విండ్సర్‌లో చుట్టాలింటికి వెళ్తే ఆవాలు కూడా రాయాలి, కెనడా జాబితాలో అవీ ఉన్నాయి. ఆవ పెట్టిన అరటికాయ కూర సరిహద్దుకి ఇవతల ఒక లెక్క, అవతల ఒక లెక్క. ఇచ్ఛాపురం దాటగానే బస్సు బోర్డులు మారే ఊరి నుంచి వచ్చినవాళ్ళం, మనకిది వింతేం కాదులే.

వండినది బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని అక్కడి ఆహార భద్రతవాళ్ళు చెబుతారు, 90 ఫారెన్‌హీట్ దాటే ఎండలో అయితే గంటే. పాట్‌లక్‌లో మాటల్లో పడి నాలుగు గంటలు గడిచిపోతాయి. అన్నం, పాల వంటకాలు మొదట్లోనే వడ్డించి మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టించు. చలికాలంలో ఇంకో తంటా. కారులో అరగంట వెళ్ళేసరికి దాల్మా మీద నెయ్యి పేరుకుపోయి కొవ్వొత్తి కరిగి గట్టిపడినట్టుంటుంది. పోపు పెట్టకుండా తీసుకెళ్ళు, పోపు సామాను పొట్లం కట్టుకో, వాళ్ళ స్టవ్ మీద రెండు నిమిషాలు. ఆ వాసనకే జనం వంటింట్లోకి వస్తారు. మిరపకాయలు ఆఖర్న వెయ్యి, పొగ అలారం మోగిందంటే వచ్చేది జనం కాదు, ఫైరింజను.

పఖాళ, అంటే ఒడియావాళ్ళ చద్దన్నం, మాత్రం బయటివాళ్ళకి పెట్టకు. మార్చి 20న ఒడిశా అంతా పఖాళ దినం అంటుంది, మిషిగన్‌లో మా వాకిట్లో ఆ రోజుకి ఒక్కోసారి మంచు కూడా కరగదు. అయినా హీటర్ పెంచుకుని ఇంట్లో నలుగురమూ చద్దన్నం తింటాం, బడి చూర (నలిపిన వడియాలు), ఉల్లిపాయతో. రాత్రంతా నానిన అన్నం అలవాటు లేని కడుపుకి ఎలా ఉంటుందో చెప్పలేం, ఆ పూచీ నెత్తినేసుకోకు.

మీ అమ్మగారు సామాను పంపుతానంటారు. అప్పడాలు, ఎండిన వడియాలు, బడి రానీ. కస్టమ్స్‌లో తిండి ఉందని దాచకుండా చెప్పమని తెచ్చేవాళ్ళకి గట్టిగా చెప్పు, దాచి దొరికితేనే జరిమానా. కోరాపుట్ కాళజీర బియ్యం మీద ఎంత ప్రేమ ఉన్నా పెట్టొద్దు, నిల్వ ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తేవడం నిషేధం. పచ్చి కరివేపాకూ అంతే, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద ఉంటుంది.

నీ ఛెనాపోడ బాగా కుదిరాక ఎవరో ఒకరు "అమ్మరాదూ, కొంటాం" అంటారు. నువ్వు మీ ఆయన ఉద్యోగ వీసాకి అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి ఉంటే, పని అనుమతి లేకుండా డబ్బు పుచ్చుకోకు, ఒక్క ట్రేకైనా సరే. అనుమతి ఉన్నా ఇంట్లో వండి అమ్మడానికి రాష్ట్రానికో నిబంధన, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పాల మిఠాయిలకు సాధారణంగా ఒప్పుకోరు. ఊరికే పెట్టు, గిన్నె ఖాళీగా తిరిగిరానివ్వని ఇళ్ళతో స్నేహం చెయ్యి.

పసుపాకు కావాలంటే చెప్పు. ఒడియా పండుగ ప్రథమాష్టమికి పసుపాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే ఎండురి పిఠా చేద్దామంటే నవంబరు, డిసెంబరులో అక్కడ ఆకు ఎక్కడిది? నేను వేసవిలో కుండీలో పసుపుకొమ్ము నాటి, సెప్టెంబరులో ఆకులు కోసి ఫ్రీజర్‌లో దాస్తాను. ఈసారి నీకూ ఒక కట్ట.

ఇది రాస్తుండగా అమ్మ మళ్ళీ అడుగుతోంది, రాయగడలో ఎవరమ్మాయని. తెలియదన్నాను. "ఎవరైతేనేం, చింతపండు రసం పప్పు మెత్తగా ఉడికాక పొయ్యమను. ముందే పోస్తే ఆ పులుపుకి పప్పు బిగుసుకుంటుంది. అందుకే సాంబారులా నీళ్ళోదారి, పప్పోదారి అయ్యుంటుంది. ఆ తెలుగువాళ్ళు అన్నది అందుకే" అంటోంది. నాకు తట్టలేదు సుమా.